పై గీతకు కొంచెం కింద

జూన్ 2

మా ఆవిడ కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. బాగానే అయింది. నల్లకళ్ళద్దాలు పెట్టి పంపించారు. వంగకూడదు, బరువులు ఎత్తకూడదు, దుమ్ములోకి పోకూడదు, డాక్టర్ చెప్పేదాకా ట్రాక్టర్ ఎక్కకూడదు. డాక్టరమ్మ వరసగా చెబుతుంటే తను బుద్ధిగా తలూపింది. చివర్లో మాత్రం, పొద్దున్నే ఆయిల్ అయినా చూసుకోవచ్చా అని అడిగింది. వంగి చూసేది ఏదైనా వద్దే వద్దంది డాక్టరమ్మ.

ఆ ట్రాక్టర్ తనది. పెళ్ళయిన కొత్తలో పట్టుబట్టి కొన్న సెకండ్‌హ్యాండ్ బండి. అప్పటికే దానికి వయసు మళ్ళింది. తను చుట్టుపక్కల పొలాలు దున్నుతుంది, నేను బజారులో చొక్కాలు, ప్యాంట్లు, స్కూలు యూనిఫాంలు కుడతాను. ఆడది ట్రాక్టర్ నడపడమేంటని మొదట్లో నవ్వినవాళ్ళే తర్వాత దుక్కికి తన కోసం కాచుకు కూర్చున్నారు. అందరికీ తను ట్రాక్టరమ్మ. నేను ట్రాక్టరమ్మ మొగుణ్ణి. ఆ పేరు మీద నాకు కోపమేమీ లేదు. తను నన్ను టైలరు గారూ అని పిలుస్తుంది, సగం ఎగతాళిగా.

సాయంత్రం ఆర్డర్ వేసింది. నడపడానికి డ్రైవర్ని పెడదాం, ఆయిల్ మాత్రం ఇంటి మనిషే చూడాలి, అంటే టైలరు గారే చూడాలి అని. నాకు స్పానరుకీ గరిటెకీ తేడా తెలియదు. టెన్షన్‌గా ఉంది.

జూన్ 3, ఉదయం

మొదటి పాఠం. తను షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చుంది, నేను వంగాను.

ఇంజన్ పక్కన పొడుగాటి ఇనప బద్ద ఒకటి ఉంటుంది. బండితో వచ్చిన పుస్తకంలో డిప్‌స్టిక్ అని ఉంది, తను గేజి అంటుంది. లాగాను. జిడ్డుగా ఆయిల్ అంటుకుని వచ్చింది. ఇదిగో ఇంతుంది అన్నాను. తను పగలబడి నవ్వింది. ముందు తుడవాలట. తుడిచి, మళ్ళీ చివరిదాకా దింపి, మళ్ళీ లాగి, నిలువుగా కాకుండా అడ్డంగా పట్టుకుని, అప్పుడు చూడాలట. మొదటిసారి లాగినప్పుడు అది చెప్పేదంతా అబద్ధమే అంది.

గేజి మీద రెండు గీతలున్నాయి. కింది గీత కంటే తగ్గితే ఇంజన్ ఎండిపోతుంది. పై గీత దాటితే ఇంకా ప్రమాదం. లోపల తిరిగే షాఫ్ట్ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, నురగ ఇంజన్‌ని కాపాడదు, పైగా రబ్బరు సీళ్ళని తోసుకుని బయటికొస్తుంది. ఎక్కువ పోస్తే మంచిదనుకునేవాళ్ళే ఇంజన్‌ని చంపుతారు అంది. ఎంతుండాలంటే, పై గీతకు కొంచెం కింద. బండి చదునైన నేల మీద ఉండాలి. స్టార్ట్ చెయ్యకముందే చూడాలి. రాత్రంతా ఆయిల్ కిందికి దిగి కుదురుకుని ఉంటుంది కాబట్టి.

కొత్త ఆయిల్ వేసిన బండి. ఆయిల్ తేటగా ఉంది, ఎక్కడిదాకా తడిసిందో నా కంటికి ఆనలేదు. నాకు తెలిసిన పని నేను చేశాను. జేబులో లైనింగ్ గుడ్డ పీలిక ఉంటే గేజిని దాని మీద అద్దాను. తడి మరక పడింది. పక్కన పెన్సిల్‌తో రెండు గీతలూ గీశాను. పై గీతకు కొంచెం కింద. తను ఆ పీలికను వెలుగులో పెట్టి చూసి, ఇన్నేళ్ళకి నీ కుట్టుపని నా బండికి ఉపయోగపడింది అంది. గర్వంగా అనిపించింది, ఎందుకు దాచాలి.

జూన్ 5

డ్రైవర్ కుదిరాడు. మాట తక్కువ మనిషి. తను వాడికి గేర్ల గురించి పాఠం చెప్పి, చెప్పింది తిరిగి అప్పజెప్పించుకుంది.

జూన్ 9

మరక పై గీత దాటింది. నేనే తప్పు చూశానేమో.

జూన్ 10

మళ్ళీ చూశాను. తుడిచి, దింపి, లాగి, అడ్డంగా పట్టుకుని. నిన్నటి కంటే ఇంకొంచెం పైకి ఉంది.

తనతో చెప్తే నమ్మలేదు. నడిచే ఇంజన్ ఆయిల్ తాగుతుంది గానీ కక్కదు అంది. నేల వాలుగా ఉందేమో చూడమంది. పళ్ళెంలో నీళ్ళు పోసి గచ్చు మీద పెట్టాను. నీళ్ళు అన్ని అంచులకీ సమంగా ఉన్నాయి. అవును మరి, ఆ గచ్చు దగ్గరుండి పోయించింది తనే. గేజి పూర్తిగా దించలేదేమో అంది. దించాను. ఎదురుగా నిలబడి చూసి, సరే, నీ చేతివాటం ఏదో ఉంది టైలరు గారూ అని లోపలికి వెళ్ళిపోయింది.

నా చేతివాటమా? ఇన్నేళ్ళలో ఒక్క చొక్కా బిగుతైందని ఎవరూ తిరిగి తేలేదు.

జూన్ 12

అమ్మాయి ఫోన్ చేసింది. అమ్మ పొద్దున మాట్లాడి, మళ్ళీ మధ్యాహ్నం చేసి అవే సంగతులు మొదటినుంచీ చెప్పిందట. కంట్లో చుక్కలు వేస్తున్నాం కదా, ఆ మత్తు అయ్యుంటుంది అన్నాను. కంటి చుక్కలకి మత్తేంటి నాన్నా అంది. విసుక్కున్నాను.

జూన్ 13

మెకానిక్ వచ్చాడు. గుడ్డపీలికలన్నీ తేదీల వరసలో షాపులో తాడుకి గుచ్చి ఉంచాను, తెచ్చి చూపించాను. ఇలాంటి కస్టమర్ని ఎప్పుడూ చూడలేదన్నాడు. పొగడ్తో ఏమో.

ఆయిల్ పెరుగుతోందంటే లోపలికి ఏదో చేరుతోందని అన్నాడు. నీళ్ళు చేరితే ఆయిల్ పాలరంగులోకి మారుతుంది. మారలేదు. డీజిల్ చేరితే పల్చబడుతుంది, వాసన తెలుస్తుంది. వేళ్ళ మధ్య రాసి చూశాడు, వాసన చూశాడు, కాగితం మీద చుక్క వేసి చూశాడు. డీజిల్ ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది అన్నాడు. పాత బండి కాబట్టి ఎందుకైనా మంచిదని డీజిల్ పంపులో వాషర్లు మార్చాడు. పాత ఆయిలంతా దించేసి, పుస్తకంలో రాసినంత కొలిచి కొత్తది పోశాడు. ఇద్దరం కలిసి చూశాం. పై గీతకు కొంచెం కింద.

తను అరుగు మీద నుంచే అన్నీ చెప్పి చేయించింది. ఏ బోల్టు ఎంత బిగించాలో కూడా. మెకానిక్ ప్రతిదానికీ సరేనమ్మా అన్నాడు. పని నేర్చుకునే రోజుల్లో తన చేత తిట్లు తిన్నవాడే.

జూన్ 16

మళ్ళీ పెరిగింది. పొగ నీలంగా వస్తోంది. ఇంజన్ బరువుగా ఈడుస్తోందని డ్రైవర్ అన్నాడు.

అప్పుడు షెడ్డులో అలమర మీదున్న ఆయిల్ క్యాను ఎత్తి చూశాను. సగానికి తేలికైంది. నాకు తిక్క రేగింది. నువ్వేమైనా పోస్తున్నావా అని డ్రైవర్ని అడిగాను. లేదన్నాడు. క్యానులోది ఏమైనట్టు అన్నాను. అతను నా మొహంలోకి చూసి, దొంగతనం అంటగడుతున్నారా అన్నాడు. ఇంజన్ పాడైతే నాకేంటి లాభం అని కూడా అన్నాడు. నేను నోరు మూసుకుని ఉండాల్సింది. మరి ఆయిల్ తనంతట తాను నడిచి వెళ్ళిందా అన్నాను. తాళం అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

బంగారంలాంటి మనిషిని పోగొట్టావు అని తను రోజంతా సాధించింది.

జూన్ 18

డ్రైవర్ వెళ్ళిన దగ్గర్నుంచీ బండి షెడ్డులోంచి కదల్లేదు. స్టార్ట్ కూడా చెయ్యలేదు. ఈ ఉదయం పాలు తెచ్చి, గేజి లాగాను. పెరిగింది.

షాపు తియ్యకుండా నేరుగా మెకానిక్ దగ్గరికి పోయాను. అతను మిషను ఆపి, చేతులు తుడుచుకుని, ఆగి ఉన్న ఇంజన్లో ఆయిల్ పెరగదండీ అన్నాడు. ఎవరో పోస్తే తప్ప. నా పొద్దుటి పనులన్నీ వరసగా చెప్పించుకున్నాడు. తర్వాత, మీరు పాలకి వెళ్ళినప్పుడు ఇంట్లో ఎవరుంటారు అని అడిగాడు.

జూన్ 19, ఉదయం

పాల చెంబు పట్టుకుని బయల్దేరినట్టే బయల్దేరి, పెరటివైపు తిరిగి వచ్చి షెడ్డు వెనక కిటికీ దగ్గర నిలబడ్డాను. నా ఇంట్లో నేనే దొంగలా.

తను వచ్చింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకునే ఉంది. బానెట్ మీద చెయ్యి వేసి నిమిరింది. గేజి లాగి, తుడిచి, దింపి, లాగి, అడ్డంగా పట్టుకుంది. ఎడమకంటి దగ్గరికి తెచ్చుకుని చూసింది. క్యాను దించి, గరాటు పెట్టి కొంచెం పోసింది. మూత బిగించి, గరాటు తుడిచి, ఎక్కడిదక్కడ పెట్టి లోపలికి వెళ్ళింది.

నాకు ఒక్కసారిగా ప్రాణం లేచి వచ్చింది. కన్ను! కన్ను కనబడక, తేట ఆయిల్ ఆనక, తక్కువుందని పోస్తోంది. డాక్టర్ మాట వినకుండా దొంగచాటుగా. అంతే కదా. నవ్వొచ్చింది కూడా. వెళ్ళి పట్టుకుని ఏడిపిద్దామని రెండడుగులు వేశాను.

తను మళ్ళీ వచ్చింది.

బానెట్ మీద చెయ్యి వేసి నిమిరింది. గేజి లాగి, తుడిచి, దింపి, లాగింది. అదే శ్రద్ధ. ఆ పూటకి అదే మొదటిసారి అన్నట్టు. ఇందాక తుడిచిన గరాటు ఇంకా తడిగానే ఉంది, దాన్ని చూసి ఒక్క క్షణం ఆగింది. ఎవరో వాడినట్టుందే అన్నట్టు చూసింది. తర్వాత పోసింది.

పాలు తేలేదు. ఇంట్లోకి వెళ్తే, టైలరు గారూ ఆయిల్ చూశావా, మర్చిపోతావు, నీ మతిమరుపుతో చస్తున్నా అంది.

జూన్ 21

కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. గోడ మీద చార్టులో అన్నిటికంటే చిన్న వరస కూడా తను గడగడా చదివేసింది. కన్ను అద్దంలా ఉందంది డాక్టరమ్మ. అంటే గీత కనబడుతూనే పోస్తోందన్నమాట. కన్ను బాగాలేదని చెబితే బాగుండునని కోరుకున్నాను. ఏ మొగుడైనా కోరుకునే కోరికేనా అది?

బయటికొచ్చి, తను మందుల షాపు దగ్గర కూర్చున్నప్పుడు, డాక్టరమ్మకి షెడ్డులో చూసింది చెప్పాను. ఆవిడ చీటీ మీద ఇంకో డాక్టర్ పేరు రాసిచ్చింది.

జూన్ 25

ఆ డాక్టర్ చాలా నెమ్మదస్తుడు. బోలెడు ప్రశ్నలు అడిగాడు. ఇంజన్ ఎలా పనిచేస్తుందంటే తను అతనికి పిస్టన్ దగ్గర్నుంచి చెప్పింది, చేతులు తిప్పుతూ. ఇది ఏ సంవత్సరం అంటే అమ్మాయి పుట్టిన సంవత్సరం చెప్పింది. పొద్దున ఏం తిన్నారంటే నావైపు చూసింది. ఎప్పుడూ ఎవరివైపూ అలా సాయం కోసం చూసే మనిషి కాదు.

స్కాన్ తీశారు. తనని బయట కూర్చోబెట్టి నాతో మాట్లాడాడు. మతి క్రమంగా పోయే జబ్బు. తిరిగి రాదు. మాత్రలు కొంత నిదానింపజేస్తాయి. చేతులకి అలవాటైన పనులు చివరిదాకా నిలుస్తాయి, వాటిని మాన్పించకండి అన్నాడు. ట్రాక్టర్ మాత్రం ఇక నడపనివ్వకండి అన్నాడు. నేను సరే అన్నాను. అంత సులువుగా ఎలా అన్నానో.

బస్సులో తను నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

జూన్ 26

ఇంజన్ తాళం షాపులో గుండీల డబ్బాలో దాచాను.

జూన్ 28

తప్పు చేశాను. క్యాను కూడా దాచాను. క్యాను లేకపోతే పోయదు, ఇంజన్ దక్కుతుంది అనుకున్నాను. ఎంత తెలివి.

పాలు తెచ్చేసరికి షెడ్డంతా కిందా మీదా పడి ఉంది. అలమరలో సామానంతా నేల మీద ఉంది. తను చక్రానికి ఆనుకుని కింద కూర్చుని ఏడుస్తోంది. నా ఆయిల్ ఎవరో ఎత్తుకుపోయారు, బండిని ఎండబెట్టి చంపేస్తారు అని. నేనెవరో ఎత్తుకుపోయినవాడి బంధువన్నట్టు చూసింది. చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. మధ్యాహ్నందాకా అన్నం ముట్టలేదు.

క్యాను తెచ్చి అలమర మీద పెట్టాను. కళ్ళు తుడుచుకుని లేచి, గేజి లాగి, తుడిచింది. ఆ చేతులు ఎంత కుదురుగా ఉన్నాయి! అప్పుడు నాకు తెలిసింది. మిగతావన్నీ జారిపోతున్నా, ఆ గేజి పట్టుకున్నప్పుడు మాత్రం తను పూర్తిగా తనే. ఆ ఒక్కటి నేను లాక్కోను. ఏమైనా కానీ.

జూన్ 30

డ్రైవర్ ఇంటికి వెళ్ళాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియక అతని కూతురికి గౌను కుట్టి తీసుకెళ్ళాను. జరిగింది చెప్పాను. అతను కుర్చీ తెచ్చి వేశాడు. రేపటి నుంచి వస్తానన్నాడు, అమ్మ చెప్పిన గేర్లు అమ్మ చెప్పినట్టే వేస్తానన్నాడు. గౌను భుజాల దగ్గర వదులైంది.

జూలై 1

మెకానిక్ పశువుల డాక్టర్లు వాడేలాంటి పెద్ద సిరంజి ఒకటి, దానికి సన్నటి ట్యూబు తగిలించి ఇచ్చాడు. గేజి కన్నంలోంచి ట్యూబు దింపి ఆయిల్ పైకి లాగొచ్చు.

ఇక పద్ధతి ఇది. పొద్దున తను వచ్చి పోస్తుంది. ఎన్నిసార్లు రావాలంటే అన్నిసార్లు వస్తుంది. తను స్నానానికి వెళ్ళాక నేను షెడ్డులోకి వెళ్తాను. ఆయిల్ దిగి కుదురుకునేదాకా ఆగుతాను. గేజి తుడిచి, దింపి, గుడ్డ మీద అద్ది చూసి, ఎక్కువైన ఆయిల్ లాగేస్తాను. పై గీతకు కొంచెం కిందికి వచ్చేదాకా. లాగిన ఆయిల్‌ని లైనింగ్ గుడ్డలో వడగట్టి తిరిగి క్యానులో పోస్తాను. తర్వాత డ్రైవర్ వచ్చి బండి తీస్తాడు.

అదే ఆయిల్. క్యానులోంచి ఇంజన్‌లోకి, ఇంజన్‌లోంచి క్యానులోకి.

జూలై 9

పొగ నీలం పోయింది. ఇంజన్ తేలిగ్గా ఉంది. దుక్కికి వచ్చినవాళ్ళతో తను గొప్పగా చెప్పుకుంటోంది, ఎంత పోసినా నా క్యాను తరగదు, ఇంత పాతబండి అయినా ఆయిల్ తాగదు, అదీ మెయింటెనెన్స్ అంటే అని. ఔనమ్మా అన్నారు వాళ్ళు. నేను కత్తిరింపులో తల దూర్చేశాను.

జూలై 17

ఈ రోజు నాకు మళ్ళీ గేజి చూడటం నేర్పింది. ముందు తుడవాలి అంది. నేను తుడవకుండా చూసినట్టు నటించాను. పగలబడి నవ్వింది. అచ్చం మొదటిసారిలాగే.

రేపు కూడా తప్పుగానే చూస్తాను.

జూలై 30

డ్రైవర్ రాకముందు తను ట్రాక్టర్ ఎక్కి కూర్చుంది. తాళం అడిగింది. డ్రైవర్ దగ్గర ఉందని అబద్ధమాడాను. సరేలే అని, ఆగి ఉన్న బండి స్టీరింగు పట్టుకుని తిప్పుతూ పొలాలన్నీ వరసగా చెప్పింది. కాలవ పక్కది, రాళ్ళది, మూలకి వెళ్తే తిరగడానికి చోటుండనిది. నేను వెనక చక్రం పైన మడ్‌గార్డు మీద కూర్చుని విన్నాను. పెళ్ళయిన కొత్తలో అక్కడే కూర్చుని తనతో తిరిగేవాణ్ణి, ఎవరైనా చూస్తే తల దించుకునేవాణ్ణి. ఎందుకు దించుకున్నానో ఇప్పుడు అర్థం కావడం లేదు.

ఆగస్టు 8

అమ్మాయి వచ్చి నాలుగు రోజులుంది. బండి అమ్మేసి మీరిద్దరూ నా దగ్గరికి రండి అంది. అమ్మ పొద్దున షెడ్డుకి వెళ్ళడం చూశాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. వెళ్ళేరోజు సిరంజి అమ్మాయే పట్టుకుని లాగింది, ఏడుస్తూ.

ఆగస్టు 15

ఈ మధ్య ఒక్కసారే పోస్తోంది. లాగాల్సింది కొంచెమే ఉంటోంది. బాగుపడుతోందేమోనని మెకానిక్ అన్నాడు. నేనూ ఒక పూటంతా అదే అనుకుని పాటలు పెట్టుకుని కుట్టాను.

ఆగస్టు 19

గరాటు పెట్టడం మర్చిపోయి పోసింది. ఇంజన్ మీదంతా ఒలికింది. తుడిచాను.

ఆగస్టు 24

షాపుకి అన్నం తెచ్చింది. గుమ్మం బయటే నిలబడి టైలరు గారూ అంది. ఆ పిలుపులో ఎగతాళి లేదు. మా ఆయన చొక్కా అయిందా అని అడిగింది. రేపిస్తానమ్మా అన్నాను.

మధ్యాహ్నం నా కొలతలతోనే చొక్కా ఒకటి కత్తిరించాను.

ఆగస్టు 29

గేజి లాగింది. తుడిచింది. తర్వాత దాన్ని చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. నేను వెళ్ళి తన చెయ్యి పట్టుకుని లోపలికి దింపించాను. లాగించాను. అడ్డంగా పట్టుకోవాలి కదూ అన్నాను. ఎవరు నేర్పారు నీకు అని అడిగింది. మా ఆవిడ అన్నాను. మంచిదే అయ్యుంటుంది అంది.

సెప్టెంబర్ 3, ఉదయం

పాలు తెచ్చాను. సిరంజి తీసుకుని షెడ్డుకి వెళ్ళాను. తుడిచి, దింపి, లాగి, గుడ్డ మీద అద్దాను.

పై గీతకు కొంచెం కింద.

నిన్న నేను ఎక్కడ ఉంచానో అక్కడే. సరిగ్గా ఉండాల్సిన చోటే. లాగడానికి ఏమీ లేదు.

తను అరుగు మీద కూర్చుని షెడ్డువైపే చూస్తోంది, ఎవరిదో షెడ్డన్నట్టు.

క్యాను దించి, గరాటు పెట్టి, నేనే కొంచెం పోశాను.